పౌడర్ డబ్బా, ఇరవై గజాలు

ఏప్రిల్‌లో మా పిన్నితో ఫోన్‌లో మాట్లాడుతూ "డ్రైవర్‌ను మార్చాను పిన్నీ" అన్నాను. "అయ్యో, పాతవాడు తాగి నడిపేవాడా?" అంది. డ్రైవర్ అంటే మనిషి కాదని, గోల్ఫ్‌లో మొదటి దెబ్బకు వాడే పొడుగాటి కర్ర అని చెప్పాక ధర అడిగింది. చెప్పాను. "ఆ డబ్బుతో మూడు నెలలు మనిషినే పెట్టుకోవచ్చు కదరా" అంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ మాటే నయం.

నాకు 61 ఏళ్లు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. విశాఖలో ముడసర్లోవ పక్కనున్న గోల్ఫ్ కోర్సులో ఆరేళ్లుగా ఆడుతున్నాను. నా డ్రైవ్, అంటే ఆ మొదటి దెబ్బ, బాగా తగిలిన రోజున 175 గజాలు. నాతో ఆడే పాత సహోద్యోగి నాకంటే నాలుగేళ్లు పెద్ద, పొట్ట కూడా నాకంటే పెద్దది. ఆయన మాత్రం చెమట పట్టకుండా 200 దాటిస్తాడు. మన దగ్గర గజాలంటే స్థలం లెక్క. 200 గజాల స్థలానికి నేను పదిహేనేళ్లు వాయిదాలు కట్టాను. 200 గజాల డ్రైవ్‌కు ఆ సౌకర్యం కూడా లేదు.

అందుకే కొత్త డ్రైవర్ కొన్నాను. 9 డిగ్రీల లాఫ్ట్ (కర్ర ముఖం, అంటే బంతికి తగిలే భాగం, వెనక్కి వాలిన కోణం), 46 అంగుళాల పొడవు. లాఫ్ట్ తక్కువైతే బంతి ఎక్కువ దూరం పోతుందని, కర్ర పొడుగైతే వేగం పెరుగుతుందని అందరూ అన్నారు. మే నెలలో నిజంగానే బంతి 200 చేరింది. మా ఆవిడకు, పిన్నికి, అడగనివాళ్లకు కూడా చెప్పుకున్నాను. జులైలో వానలు పడ్డాయి. బంతి పడిన చోటే బురదలో కూరుకుపోవడం మొదలుపెట్టింది. లెక్క చూస్తే మళ్లీ 175. మే నెలలో ఆ 25 గజాలు ఇచ్చింది నా కర్ర కాదు, ఎండకు రాయిలా గట్టిపడిన నేల. బంతి దాని మీద దొర్లుకుంటూ పోయింది, అంతే.

అప్పుడు బలం మీద పడ్డాను. అమెరికా గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో కండలు పెంచి, బంతిని బాది 2020లో యూఎస్ ఓపెన్ గెలిచాడు కదా అని రోజుకు నాలుగు గుడ్లు, పొద్దున్నే డంబెల్స్. ఆరు వారాలకు నడుము పట్టేసింది. ఆ అధ్యాయం అక్కడితో సరి.

ఆగస్టులో హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాడు నన్ను సిమ్యులేటర్ ఉన్న ఒక చోటికి తీసుకెళ్లాడు. తెర ముందు నిలబడి పది బంతులు కొట్టాను. అక్కడి కోచ్ పాతికేళ్ల కుర్రాడు. అంకెలు చూసి, "అంకుల్, బలం బాగానే ఉంది. అది బంతికి అందడం లేదు" అన్నాడు.

నా కర్ర తల వేగం గంటకు 84 మైళ్లు. బంతి వేగం 114. బంతి వేగాన్ని కర్ర వేగంతో భాగిస్తే 1.36 వస్తుంది. దీన్నే స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. డ్రైవర్‌తో అది దాదాపు 1.5 వరకు వెళ్లగలదు. అంటే నేను పెడుతున్న వేగంలో కొంత ఎక్కడో కారిపోతోంది. కర్మాగారంలో ఆవిరి ఎక్కడ లీకవుతోందో వెతకడం నా పనిలో భాగమే. మరి నా చేతిలోని కర్ర దగ్గర ఆ బుద్ధి ఎందుకు పనిచేయలేదో! పైగా కర్ర ముఖం బంతిని ఎంత గట్టిగా తిప్పికొట్టవచ్చో నిబంధనల్లోనే పరిమితి ఉంది. నా పాత డ్రైవర్ కూడా ఆ పరిమితి అంచున తయారైనదే. కొత్తదానికి పోసిన డబ్బు ఎక్కువగా రంగుకే పోయింది.

ఇంకో సంగతీ తేలింది. నేను బంతిని పై నుంచి కిందికి, 4 డిగ్రీల వాలుతో నరుకుతున్నాను. దానికి 9 డిగ్రీల లాఫ్ట్ తోడైతే బంతి లేవకముందే వాలిపోతుంది. నాలాంటి నెమ్మది చేతులకు లాఫ్ట్ ఎక్కువే కావాలట. ఆ కుర్రాడు కర్ర మెడ దగ్గరున్న మర విప్పి, తిప్పి, 10.5 చేశాడు. బంతిని నిలబెట్టే చిన్న పుల్లను, అదే టీని, కూడా పైకి లాగాడు. డ్రైవర్‌ను నేల మీద ఆనిస్తే, దాని నెత్తి మీదుగా బంతి సగం కనిపించాలి. నేను ఆరేళ్లుగా టీని మేకులా భూమిలోకి దిగ్గొట్టేవాణ్ని.

చివర్లో చెప్పిన చిట్కా మాత్రం ఇంట్లో పెద్ద గొడవే తెచ్చింది. బంతి కర్ర ముఖానికి ఎక్కడ తగులుతోందో తెలియాలంటే ముఖానికి పలచగా పౌడర్ పూసి కొట్టాలి. తగిలిన చోట గుండ్రటి మచ్చ పడుతుంది. విశాఖ తిరిగి రాగానే మా ఆవిడ పౌడర్ డబ్బా సంచిలో వేసుకున్నాను. మేడ మీద వల కట్టి, తడివేలితో ముఖానికి పౌడర్ అద్దాను. బట్టలు ఆరేయడానికి వచ్చిన ఆవిడ చూసి, "పెళ్లిచూపులకు తయారు చేస్తున్నారా దాన్ని?" అంది.

ఇరవై బంతులు కొట్టాను. ఇరవై మచ్చలూ కర్ర మెడ వైపు, హీల్ దగ్గర, కుంకుమ బొట్టు చెవి పక్కన పెట్టుకున్నట్టు. ముఖం మధ్యలో పౌడర్ పూసింది పూసినట్టే ఉంది. అన్నేళ్లుగా నా బంతి కుడివైపు వంకర తిరగడానికీ, దూరం రాకపోవడానికీ మూలం ఆ మచ్చల్లోనే ఉంది. దించేటప్పుడు నా బరువంతా మునివేళ్ల మీదికి పోయి, ఒళ్లు బంతి మీదికి తూలుతోంది. దానికి మందుగా బంతికి అవతల రెండంగుళాల దూరంలో ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి, అది ఎగరకుండా బంతిని మాత్రమే కొట్టడం. మొదటి వారం మూడు పెట్టెలు నలిగాయి. నాలుగోది ఇప్పటికీ ఉంది.

దసరా వెళ్లాక ఒక ఆదివారం, గాలి పెద్దగా లేని పొద్దున, నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్‌లో డ్రైవ్ కొట్టాను. చప్పుడే వేరుగా వచ్చింది. నేను ఎప్పుడూ ఆగే చెట్టు దగ్గరికి వెళ్లి చూస్తే బంతి లేదు. పోయిందనుకుని పొదల్లో వెతుకుతున్నాను. "సార్, ముందుకు రండి" అని కర్రల సంచి మోసే మా క్యాడీ కేకేశాడు. చెట్టు నుంచి బంతి దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను, ఇరవై ఒకటి. నేల తడిగానే ఉంది, కాబట్టి దొర్లుడు ఖాతాలో వేయడానికి లేదు. సహోద్యోగి బంతి ఇంకో పది అడుగులు ముందుందనుకోండి, అది వేరే సంగతి. క్యాడీ అలవాటు కొద్దీ రెండో దెబ్బకు రోజూ ఇచ్చే పొడుగు కర్రే చేతికిచ్చాడు. నేనూ అలవాటు కొద్దీ తీసుకుని కొట్టాను. రంధ్రం ఉండే గ్రీన్ మీదుగా బంతి ఎగిరి వెనకున్న ఇసుక గుంటలో పడింది. ఆ హోల్‌లో నా స్కోరు ఆరు.

పౌడర్ డబ్బా అయిపోవచ్చింది. మా ఆవిడ నిన్న కొత్తది తెచ్చి, దాని మీద మార్కర్‌తో "మనుషులకు" అని రాసి బీరువాలో పెట్టింది.