లోకల్‌హోస్ట్ నా పరువు తీసిన రోజు

రాత్రి పదకొండున్నర. పని ఇప్పుడే అయింది, కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాసేస్తున్నా.

పాలకొల్లు దగ్గర మా మావయ్యకి రొయ్యల మేత కొట్టు ఉంది. బస్తాలు అప్పు మీదే పోతాయి, చెరువు పట్టుబడి అయ్యాకే డబ్బు. ఎవరి బాకీ ఎంతో చూసుకోడానికి పోయినేడాది నేనే ఓ ప్రోగ్రాం రాసిచ్చా. లెక్కలన్నీ కొట్టు వెనకగదిలో పాత ఉబుంటు కంప్యూటర్లో, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. ఏదైనా తేడా వస్తే గుమస్తా గారు నాకు ఫోన్ చేయడం, నేను హైదరాబాద్‌లో కూర్చుని నల్ల తెర మీద కమాండ్లు కొట్టి చెప్పడం. విసుగొచ్చేసింది. సంక్రాంతికి వచ్చినవాణ్ణి రెండు రోజులు సెలవు పొడిగించి, ఆ డేటాబేస్‌ని తెరిచి చూపించే పీజీ అడ్మిన్ పెట్టేస్తే ఆయనే బ్రౌజర్లో చూసుకుంటారు కదా అనుకున్నా, చూడ్డానికి మాత్రమే హక్కున్న యూజర్‌తో. మిషన్‌లో నేరుగా వేస్తే పాత పైథాన్‌తో తగాదా, అందుకని డాకర్ కంటైనర్లో, అంటే ప్రోగ్రాంని దాని సరంజామాతో సహా విడిగా నడిపే పెట్టెలో.

డాకర్ వేయడం, పీజీ అడ్మిన్ ఇమేజ్ (రెడీమేడ్ ప్యాకేజీ) దించడం పావుగంట. లాగిన్‌కి ఈమెయిల్ అడిగితే చివర డాట్ లోకల్ అని ఉత్తుత్తి అడ్రస్ ఇచ్చా, చెల్లదని కంటైనర్ ఆగిపోయింది, సరే అని అసలుదే ఇచ్చా. డేటా ఫోల్డర్‌లో రాయడానికి పర్మిషన్ లేదంది. లోపల పీజీ అడ్మిన్ 5050 నంబరు యూజర్‌గా నడుస్తుంది, ఫోల్డర్‌ని ఆ నంబరు పేరున మార్చితే ఊరుకుంది. లాగిన్ పేజీ రాగానే మావయ్యని, గుమస్తా గారిని పిలిచి కుర్చీలు వేయించా. తొందరపడ్డా.

సర్వర్ అడ్రస్ దగ్గర లోకల్‌హోస్ట్ (అంటే 'ఈ మిషనే'), పోస్ట్‌గ్రెస్ పిలుపులు వినే పోర్టు 5432, పాస్‌వర్డ్, సేవ్. కనెక్షన్ రిఫ్యూజ్డ్, అంటే అక్కడ పలికేవాళ్ళు లేరని.

పాస్‌వర్డ్ తప్పు కొట్టానేమో అని మళ్ళీ కొట్టా. అదే. లోకల్‌హోస్ట్ తీసేసి దాన్నే అంకెల్లో 127.0.0.1 అని పెట్టా, అదేదో వేరే ఊరైనట్టు. పోస్ట్‌గ్రెస్ పడుకుందేమో అని చూస్తే నిక్షేపంగా నడుస్తోంది, నా ప్రోగ్రాంలో బాకీలన్నీ కనబడుతున్నాయి. "ఆయ్, పాత పద్ధతే నయమేమో బాబూ" అన్నారు గుమస్తా గారు వెనకనుంచి. మావయ్య ఏమీ అనలేదు. మేత లారీ వస్తే "చూసుకో అల్లుడూ" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ లేవడంలోనే అంతా ఉంది.

హైదరాబాద్‌లో మా బావకి ఫోన్ చేశా, పదేళ్ళుగా ఆయనకిదే పని. విని నవ్వాడు. పక్కవాళ్ళకి కూడా చెప్పి మళ్ళీ నవ్వాడు. "ఒరేయ్, లోకల్‌హోస్ట్ అంటే ఎవరి లోకల్‌హోస్ట్ రా?" అని పెట్టేశాడు. ఫోను స్పీకర్లో ఉంది. ఇలాంటివి అడిగేటప్పుడు స్పీకర్ ఆపుకోండి, ముందు ఇది చెప్పాలి మీకు.

విషయం తెలిస్తే ఇంతే. మా ఇల్లు అని మీరంటే మీ ఇల్లు, నేనంటే నా ఇల్లు. కంటైనర్ నెట్‌వర్క్ కంటైనర్‌దే, లోపలున్న పీజీ అడ్మిన్ లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనర్నే వెతుక్కుంటుంది, అక్కడ పోస్ట్‌గ్రెస్ ఎక్కడుంది పలకడానికి? అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకున్నా ఈ డాకరంతా, ఓడల బొమ్మలు, పెట్టెల బొమ్మలు వేసి మూడు రోజులు చెప్పారు, ఈ ఒక్క ముక్క చెప్పలేదు. సర్టిఫికెట్ మాత్రం లామినేషన్ చేసి ఇచ్చారు.

కంటైనర్లని మిషన్‌తో కలపడానికి డాకర్ మామూలుగా వేసే నెట్‌వర్క్ బ్రిడ్జిలో, కంటైనర్ బయటున్న మన మిషన్ అడ్రస్ 172.17.0.1. అది ఇచ్చినా రిఫ్యూజ్డే. పోస్ట్‌గ్రెస్‌ని ఎవరూ ముట్టుకోకపోతే అది సొంత మిషన్ లోపలి పిలుపులే వింటుంది. లిజన్ అడ్రసెస్ సెట్టింగులో లోకల్‌హోస్ట్ పక్కన కామా పెట్టి ఈ అడ్రస్ కూడా చేర్చి రీలోడ్ కొట్టా, అంటే పోస్ట్‌గ్రెస్‌ని ఆపకుండా సెట్టింగులు మళ్ళీ చదవమన్నా. ఏం మారలేదు. గంటన్నర పోయింది ఇక్కడ, ఫైలు తప్పు, స్పేస్ తప్పు అని దాన్నే పీక్కుంటూ కూర్చున్నా. ఆ సెట్టింగు రీలోడ్‌తో ఎక్కదు, రీస్టార్టే చేయాలి. చేశాక ఎర్రర్ మారింది, 172.17.0.2కి (అది కంటైనర్ అడ్రస్) పీజీ హెచ్‌బీఏ ఫైల్లో, అంటే ఎవర్ని రానివ్వాలో రాసే పోస్ట్‌గ్రెస్ ఫైల్లో, ఎంట్రీ లేదంది. ఎర్రర్ మారితే ఇంత సంతోషం ఉంటుందని తెలీదు, గుమ్మం దాకా వెళ్ళాం, పిలుపుల లిస్టులో పేరు లేదంటున్నాడు, అంతే కదా. ఆ ఫైల్లో ఓ లైను చేర్చా, ఈసారి రీలోడ్ సరిపోయింది.

అప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టర్ సంగతి అడక్కండి.

కరెంటొచ్చి మిషన్ లేచాక మళ్ళీ రిఫ్యూజ్డ్. బావకి చేయలేదు, చచ్చినా చేయనని పోస్ట్‌గ్రెస్ తన సంగతులు రాసుకునే లాగ్ తెరిచా. పోస్ట్‌గ్రెస్ డాకర్ కన్నా ముందు లేచింది, అప్పటికి బ్రిడ్జే లేదు కాబట్టి 172.17.0.1 దొరకలేదని ఓ లైను రాసుకుని లోకల్‌హోస్ట్‌తో సరిపెట్టుకుంది. డాకర్ లేచాకే నువ్వు లేవమని పోస్ట్‌గ్రెస్ సర్వీసుకి చెప్పి, మూడుసార్లు రీబూట్ చేసి చూశా. మూడుసార్లూ వచ్చింది. ఇది మా బావకి కూడా తెలిసుండదని నా నమ్మకం.

ఇంకోటి, ఫైర్‌వాల్లో పీజీ అడ్మిన్ పోర్టు మూసేశా కదా అని ధీమాగా ఉండొద్దు. యూఎఫ్‌డబ్ల్యూలో (ఉబుంటు ఫైర్‌వాల్ అదే) మూసినా నా ఫోన్లో, కొట్టు వైఫై మీద పేజీ తెరుచుకుంది. పోర్టు బయటికి ఇచ్చినప్పుడు డాకర్ తన రూల్స్ తనే రాసుకుంటుంది. ఈ మిషన్‌లోంచి తప్ప తెరుచుకోకుండా పోర్టు ముందు 127.0.0.1 పెట్టి కంటైనర్ మళ్ళీ వేశాకే ఆగింది.

చీకటి పడ్డాక గుమస్తా గారిని మళ్ళీ కూర్చోబెట్టా. కళ్ళజోడు పైకి తోసి, ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ కిందికొచ్చి ఒక పేరు దగ్గర ఆగారు. "ఈయన పోయిన నెల్లోనే కట్టేశారండీ బాబూ, ఇంకా బాకీ చూపిస్తోందేంటి?"

అది నా ప్రోగ్రాం తప్పే. రేపు చూడాలి.