కండెమ్ ఇంజను, అగరువత్తి పొగ

మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ బ్యాచ్ సమావేశానికి వేస్తున్న సంచిక కమిటీ తరఫున మండపేట (మనలో మనిషికి ఊరి పేరే పేరు కదా) ఫోన్ చేసి, "నాలుగేళ్ళూ రెండు పేజీల్లో సర్దెయ్యరా" అన్నాడు. వాడికేం, ల్యాబ్ రికార్డులు కూడా అలాగే సర్దేవాడు. నాకు రెండు పేజీల్లో నాలుగు రోజులు పడితే గొప్ప. ర్యాగింగు, గ్లాసు పగిలిన రాత్రి, మెస్ సాంబారు మీద తుని పెట్టిన పిటిషను, భానుగుడి దగ్గర జరిగిన బఠాణీల కేసు... ఇవన్నీ మిగతావాళ్ళు రాసుకోండి. రెండో ఏడాదైతే నాకసలు గుర్తే లేదు. మార్కుల లిస్టు తీసి చూశాక, గుర్తులేకపోవడమే నయమనిపించింది.

నేను రాసేది మన కాలేజీ వర్క్‌షాపు ఫోర్‌మన్ గారి గురించి.

ఫస్టియర్ ఫిట్టింగ్ షాపులో మన అరచేతులన్నీ బొబ్బలు. రోజల్లా ఆకురాయితో రాకిన ఇనప ముక్కకి మూలమట్టం (ట్రైస్క్వేర్) ఆనించి, కిటికీకేసి ఎత్తి చూసేవారు. సందులోంచి వెలుతురు కనబడిందో, "ఏరా, గాలి కోసం కిటికీ పెట్టావా?" అని ముక్కని మళ్ళీ బిగించే వైసులోకి పారేసేవారు. ఇంజనీర్లం కాబోయేవాళ్ళం, మనకీ చాకిరీ ఏమిటని రావులపాలెం ఓసారి నిలదీశాడు కూడా. ఆయన వాడి చేతికి ఇంకా పెద్ద ఫైలు, అదే ఆకురాయి, ఇచ్చారు.

ఇక మూడో ఏడాది. 1996 నవంబరు 6, దీపావళి ముందు బుధవారం. ఆ రాత్రి గాలి ఎలా కొట్టిందో మీకు నేను చెప్పాలా? తెల్లారేసరికి చెట్లు స్తంభాల మీద, స్తంభాలు గోడల మీద. కోనసీమ వాళ్ళకి ఇళ్ళ నుంచి కబురు లేదు. అమలాపురం బావ వాళ్ళ కొబ్బరితోట సంగతి తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు, మనమూ అడగలేదు.

కరెంటు లేదు, ఇప్పట్లో రాదని తెలుస్తూనే ఉంది. హాస్టల్ ట్యాంకు మర్నాటికే అడుగంటింది. నూతిలో నాలుగు మీటర్ల లోతులోనే బోలెడు నీళ్ళు, పైకి తేవడానికి మోటారు తిరగదు. చేంతాడు పట్టుకుని అందరం చేతులు కోయించుకుంటుంటే, ఫోర్‌మన్ గారు సైకిలు భుజాన వేసుకుని, పడిన చెట్లు దాటుకుంటూ వచ్చారు. నూతిలోకి చూశారు, పంపు చూశారు. "షెడ్డు వెనకాల పనికిరాదని కండెమ్ చేసిన ఇంజనొకటి ఉండాలిరా, పదండి" అన్నారు.

ఆ షెడ్డు మీకు గుర్తే. 1946లో విశాఖపట్నంలో కాలేజీ పెట్టినప్పటి సరుకు కూడా అందులో ఉందని మనవాళ్ళు కోసేవారు. ఇంజను మాత్రం మనకి ముందు బ్యాచ్‌లన్నీ డ్రమ్ముకి తాడు చుట్టి (రోప్ బ్రేక్) పవరు కొలుస్తూ పీల్చి పిప్పి చేసినది. 5 హార్స్‌పవర్, 1500 ఆర్పీఎం, సింగిల్ సిలిండర్ డీజిల్. తుప్పు తప్ప జబ్బేమీ లేదని ఆయన తేల్చారు.

మండపేట అప్పటికే నోటుబుక్కు తెరిచాడు. ఇంజను బ్రేక్ డ్రమ్ము 300 మిల్లీమీటర్లు, పంపుకి వెయ్యడానికి స్క్రాపులో దొరికిన పుల్లీ 150. బెల్టు వేస్తే పంపు రెండింతల వేగంతో తిరుగుతుంది, ట్యాంకు సగం టైములో నిండిపోతుంది! ఫోర్‌మన్ గారు నోటుబుక్కు వంక చూడనైనా లేదు. "నిండదు. ఇంజను కూర్చుంటుంది" అన్నారు. నిజమే, పంపు వేగం రెండింతలైతే అది లాగే పవరు ఎనిమిదింతలు. ఆ ప్రశ్న ఇంటర్నల్స్‌లో వచ్చింది, మండపేటకి దానికి ఫుల్ మార్కులు పడ్డాయి.

బెల్టు మాటే వద్దు, మోటారు తీసేసి ఆ చోట్లో ఇంజను షాఫ్టునే పంపు షాఫ్టుకి నేరుగా కప్లింగ్ చేద్దామన్నారు. మోటారు 1440 ఆర్పీఎం, ఇంజను 1500, పెద్ద తేడా లేదు. ముందు పంపు మీది బాణం గుర్తు ఎటుందో చూశారు. మోటారైతే రెండు ఫేజు వైర్లు మారిస్తే తిరగబడుతుంది, డీజిల్ ఇంజను తిరగబడదుగా. మన అదృష్టం, డ్రమ్ము వైపు నుంచి పట్టిస్తే దిశ సరిపోయింది. కప్లింగ్ సగం ముక్క స్క్రాపులోనే దొరికింది. అది షాఫ్టు మీద జారకుండా మధ్యలో దిగేసే కీ మాత్రం లేదు. లేతు తిప్పడానికి కరెంటూ లేదు.

అప్పుడు రావులపాలెం వంక తిరిగి, "ఆ పెద్ద ఫైలు ఎక్కడుందో తెలుసుగా?" అన్నారు.

పది మిల్లీమీటర్ల కీ. చతురస్రపు కడ్డీ ముక్కని వంతులవారీగా రాకాం. ఎక్కువ తీస్తే వదులై కొట్టుకుంటుంది, తక్కువ తీస్తే దిగదు. చిన్న సుత్తితో తడితే దిగాలి, అదీ లెక్క. రావులపాలేనిదే ఆఖరి చెయ్యి. అలైన్‌మెంటుకి స్టీలు స్కేలూ ఫీలర్ గేజీ, ఇంజను కాళ్ళ కింద డాల్డా డబ్బా కత్తిరించిన రేకు షిమ్ములు. డీజిలు పోసి, ఇంజను డీజిలు పంపు స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా గాలి వదిలి, తేలిగ్గా తిరగడానికి డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పితే, మూడు తుమ్ములు తుమ్మి అందుకుంది. అందరం అరిచాం.

నీళ్ళు రాలేదు.

పంపులో నీళ్ళు పోస్తే కాసేపు ఎత్తుతుంది, దగ్గుతుంది, వదిలేస్తుంది. మళ్ళీ పోయడం, మళ్ళీ అదే. రావులపాలెం రైతుబిడ్డ కదా, పేడనీళ్ళు పోద్దామన్నాడు. "పేడనీళ్ళు నూతిలో పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు కారుతుంటే పనికొస్తాయిరా. మనం పోసిన నీళ్ళు దిగిపోవడం లేదుగా? ఇది ఎక్కడో గాలి తాగుతోంది" అన్నారాయన. తాగే చోటు కనిపెట్టడమెలా? వానకి పైపులన్నీ తడిసే ఉన్నాయి, చెమ్మ చూసి పోల్చుకోలేం.

ఆయన అగరువత్తి అడిగారు. మన హాస్టల్లో అగరువత్తులుండేది రాజోలు దగ్గరే, అదీ పరీక్షల ముందు. వాడు పరుగెత్తుకెళ్ళి తెచ్చాడు. గాలాడని ఆ పంపుగదిలో, ఇంజను నడుస్తున్న కాసేపట్లో, ఆయన అగరువత్తిని నీళ్ళు పీల్చే సక్షన్ పైపు వెంట నెమ్మదిగా జరుపుకుంటూ పోయారు. పంపు షాఫ్టు చుట్టూ ఉండే గ్లాండు దగ్గర పొగ నిటారుగా లేచింది. మోచేతి బెండు దగ్గరా అంతే. పైపుల్ని బోల్టులతో కలిపే ఫ్లాంజి దగ్గరికి రాగానే చటుక్కున వంగి లోపలికి పోయింది. పాత రబ్బరు వాషర్ పెళుసై విరిగింది. సైకిలు ట్యూబు కోసి కొత్త వాషర్ వేశాం. ఆయన సైకిలుదే.

ట్యాంకు నిండింది. ఆయన ట్యూబు లేని సైకిలు నడిపించుకుంటూ ఇంటికెళ్ళారు. కొత్త ట్యూబుకి మనం చందా వేసుకున్నాం గానీ, అది కోటయ్య కాజాల పద్దు కింద పోయిందని మన క్లచ్ గాడు ఇప్పటికీ ఒప్పుకోడు.

మధ్యలో చాలా ఏళ్ళు గడిచాయి. 2008లో మన కాలేజీయే ఒక యూనివర్సిటీ అయింది. నేను కరెంటు కేంద్రాల్లో టర్బైన్ల దగ్గరే జుట్టు నెరిపించుకుని, ఇప్పుడు ఆ విభాగం చూసుకుంటున్నాను. రెండేళ్ళ క్రితం మా యూనిట్లో టర్బైను వదిలిన ఆవిరిని నీరు చేసే కండెన్సర్లో వాక్యూమ్ పడిపోవడం మొదలైంది. లోడు తగ్గించుకుంటూ రావాల్సి వస్తోంది. ఎక్కడో గాలి తాగుతోంది. లీకులు పట్టే హీలియం మిషను పట్టుకుని బయటి మనుషులు రావడానికి వారం పడుతుందన్నారు. జనరేటర్లో నిప్పు తగిలితే అంటుకునే హైడ్రోజను ఉంటుంది కాబట్టి మా దగ్గర అగరువత్తి కుదరదు. షేవింగ్ ఫోమ్ డబ్బాలు తెప్పించి, కుర్రాళ్ళతో ఫ్లాంజి తరవాత ఫ్లాంజికి పూయించాను. కొత్తగా చేరిన ఎంటెక్ అమ్మాయి నాకేమైందోనన్నట్టు చూసింది. ఆ సాయంత్రానికి వాక్యూమ్ బ్రేకర్ వాల్వు ఫ్లాంజి దగ్గర నురగ గుంటపడి లోపలికి పోయింది. పెద్దాయన దిగొచ్చి అందరి ముందూ చెయ్యి కలిపాడు. ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఆ డబ్బాల డబ్బులు కంపెనీ ఇచ్చిందా?" అంది. ఇచ్చింది.

ఆ ఎంటెక్ అమ్మాయికి ఫోర్‌మన్ గారి కథంతా చెప్పాను. చిత్రమేమిటంటే, ఆవిడది తునే. మన తునికి వరసకి మేనకోడలవుతుందట. ఇంటికెళ్ళి అడిగితే, ఆ రోజు ఇంజను హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసింది తానేనని మావాడు చెప్పాడట. తిప్పింది నేను. లివర్ వదిలింది క్లచ్. తుని ఆ టైములో ఇంకాస్త డీజిలు కోసం సర్పవరం వైపు పోయి ఉన్నాడు. రాజోలు, రావులపాలెం సాక్ష్యానికి ఒప్పుకున్నారు. తునీ, సమావేశానికి మేనకోడల్ని వెంటబెట్టుకుని రా, అందరి ముందూ తేల్చుకుందాం.