నాలుగో మనిషి

మా పక్కింటి పెద్దాయన డిశ్చార్జి కాగితాన్ని నేను మొదటిసారి చూసింది ఆయన వంటింటి బల్ల మీద. నాలుగు మడతలు పెట్టి యాభై ఏళ్లకు పైగా దాచిన కార్బన్ కాపీ అది. మడతల దగ్గర చిరిగిపోతుంటే ఎప్పుడో వెనుకవైపు అంటించిన టేపు పసుపు రంగుకు తిరిగి, అక్కడి అక్షరాలను సగం మింగేసింది. అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చినవారికి ఇచ్చే ఈ కాగితాన్ని డీడీ-214 అంటారు. ఉద్యోగానికైనా, ఇంటి రుణానికైనా, వైద్యానికైనా, చివరకు సైనిక శ్మశానంలో ఆరడుగుల చోటుకైనా అడిగేది దీన్నే. 1970లో ఆయనకు ఇచ్చిన నమూనాలో 24వ గడి పతకాలకు కేటాయించినది. ఆ గడిలో టైపు చేసినవి మూడే: నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్, వియత్నాం సర్వీస్ మెడల్, రిపబ్లిక్ ఆఫ్ వియత్నాం కాంపెయిన్ మెడల్.

ఈ మూడింటిలో మొదటిది ఆ కాలంలో సైన్యంలో ఉన్నవారికి దాదాపు అందరికీ వచ్చేది. మిగిలిన రెండూ వియత్నాంలో పనిచేసి వచ్చారని చెబుతాయే తప్ప అక్కడ ఏం చేశారో చెప్పవు. ఆ గడిని మాత్రమే చూసినవాడు ఈయన సైగాన్‌లో ఏదో గిడ్డంగి లెక్కలు రాసి వచ్చాడనుకున్నా తప్పు పట్టలేం. వాస్తవానికి ఆయన 1969లో పదాతిదళంలో రైఫిల్ పట్టుకుని నడిచిన మనిషి. ఎడమ ముంజేతి చర్మం కింద మోర్టారు గుండు తునక ఒకటి ఇప్పటికీ మినపగింజంత గట్టిగా వేలికి తగులుతుంది. కాగితంలో ఉండవలసి, లేకుండా పోయినవి రెండు: పదాతిదళ సైనికుడు ప్రత్యక్ష పోరులో పాల్గొన్నందుకు ఇచ్చే కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జి, శత్రువు చేతిలో గాయపడినందుకు ఇచ్చే పర్పుల్ హార్ట్.

ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని నేను అడిగితే ఆయన చెప్పిన మొదటి కారణం సిగ్గు. పతకం అడిగి పుచ్చుకునే వస్తువు కాదనీ, ఆ రాత్రి పక్కనే ఉండి తిరిగిరాని వాళ్లు గుర్తొస్తే తన చేతి గాయం గురించి దరఖాస్తు పెట్టుకోవడం చిన్నతనంగా అనిపించేదనీ అన్నారు. రెండో కారణం మాత్రం వింటే కోపం వస్తుంది. 1980ల్లో ఒకసారి ఆయన ఒక కార్యాలయానికి వెళ్లి విచారిస్తే, బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగి తల ఎత్తకుండానే ‘మీ ఫైలు అగ్నిప్రమాదంలో కాలిపోయి ఉంటుంది’ అని పంపేశాడట. ఈయన దాన్ని నమ్మి, ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊసే ఎత్తలేదు.

అగ్నిప్రమాదం జరిగిన మాట నిజమే. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో మంటలు చెలరేగి, దాదాపు 1.6 నుంచి 1.8 కోట్ల సైనిక ఫైళ్లు నాశనమయ్యాయి. అయితే ఆ నష్టానికి స్పష్టమైన హద్దులున్నాయి. భూసైన్యం (ఆర్మీ) విషయంలో పోయినవి 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 లోపు డిశ్చార్జి అయినవారి ఫైళ్లు, వాటిలో సుమారు 80 శాతం. వైమానిక దళంలో 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 లోపు విడుదలైనవారిలో అక్షర క్రమంలో హబ్బర్డ్ అనే ఇంటిపేరు తరువాత వచ్చేవారివి. 1970లో బయటికి వచ్చిన పదాతి సైనికుడి ఫైలుకు ఆ మంటతో సంబంధమే లేదు. ఆ తేదీలు తెలిసిన ఎవరైనా అరనిమిషంలో చెప్పగలిగిన సంగతి అది. ఫైలు నకలు కోరే ఫారం 180 నింపి పంపితే, కొన్ని వారాలకు ఆయన ఫైలు నకలు చక్కగా ఇంటికి వచ్చింది.

అందులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది డీఏ ఫారం 20. వియత్నాం కాలంలో ప్రతి సాధారణ సైనికుడి వెంట యూనిట్ నుంచి యూనిట్‌కు తిరిగిన అర్హతల పత్రం అది. ఒక్కో చోట ఒక్కో గుమాస్తా చేతిరాత. 38వ గడిలో ఆయన ఏ తేదీన ఎక్కడ ఏ పని చేశారో వరుసగా ఉంది: పదాతి బెటాలియన్, అందులోని రైఫిల్ కంపెనీ అనే చిన్న దళం, పని సంకేతం 11బీ. సైనికుల భాషలో లెవెన్ బ్రావో, అంటే అచ్చమైన పదాతి సైనికుడు. 41వ గడిలో పతకాలు, అవే మూడు. 40వ గడి గాయాలది. అది ఖాళీగా ఉంది. ఆయన చాలాసేపు ఆ ఖాళీ గడి మీద బొటనవేలు ఉంచి, ‘అప్పుడు మా కంపెనీ గుమాస్తాకు పందొమ్మిదేళ్లు’ అన్నారు. అంతకు మించి అతన్ని ఏమీ అనలేదు.

ఈ రెండు పురస్కారాలూ తప్పిపోయింది ఒకే కాగితంలోనైనా, వాటిని తిరిగి రాబట్టే దారులు వేరు. బ్యాడ్జికి ప్రధానంగా చూసేవి మూడు విషయాలు: పదాతిదళ పని సంకేతం ఉండాలి, బ్రిగేడ్ లేదా అంతకంటే చిన్న పదాతి యూనిట్‌లో నియామకం ఉండాలి, ఆ యూనిట్ నేల మీద పోరాడుతున్నప్పుడు తాను స్వయంగా అందులో ఉండాలి. మొదటి రెండూ 38వ గడిలోనే ఉన్నాయి; మూడోదానికి యూనిట్ చరిత్ర సాక్ష్యం. పర్పుల్ హార్ట్ సంగతి అలా కాదు. సాహస పతకాల మాదిరిగా పై అధికారి సిఫారసు చేయవలసిన అవసరం దీనికి లేదు. షరతులు నెరవేరితే అది హక్కు. కానీ ఆ షరతులు చూడండి: గాయం శత్రువు చర్య వల్ల అయ్యుండాలి, దానికి వైద్యాధికారి చికిత్స చేయవలసినంత అవసరం ఉండాలి, ఆ చికిత్స అధికారిక రికార్డులో నమోదై ఉండాలి. గాయం ఒంటి మీద ఉంటుంది. మూడో షరతు మాత్రం మరొకరి చేతిలో ఉంటుంది.

వియత్నాంలో ఆసుపత్రులు కూడా పర్పుల్ హార్ట్ ఉత్తర్వులు జారీ చేసేవి. అందువల్ల హెలికాప్టర్‌లో ఆసుపత్రికి చేరినవాడికి కాగితం దొరికే అవకాశం ఎక్కువ. మా పెద్దాయన ఆసుపత్రికి వెళ్లలేదు. మెడిక్ చీకట్లోనే కట్టు కట్టాడు, తెల్లవారాక బెటాలియన్ చికిత్సా కేంద్రంలో డాక్టరు తీయగలిగిన తునకలు తీశాడు, మూడో రోజుకు ఆయన మళ్లీ కంపెనీలో ఉన్నారు. తక్కువ గాయపడి తొందరగా పనిలోకి దిగడమే కాగితాల లెక్కలో ఆయన చేసిన నేరం. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. 1969 జులై 1 నుంచి సైన్యం పాత సర్వీసు నంబర్లను వదిలి సోషల్ సెక్యూరిటీ నంబర్లకు మారింది. ఆయన గాయపడింది ఆ మార్పు జరిగిన కొద్ది వారాలకే. చికిత్సా కేంద్రంలో ఏ నంబరు కింద చీటీ రాశారో, అది ఏ కట్టలో కలిసిందో ఎవరికి తెలుసు?

ఇక ఇలాంటి తప్పులు దిద్దే బోర్డు సంగతి. రికార్డులో తప్పు దిద్దమని ప్రతి సైనికుడూ తన ప్రతినిధి ద్వారా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో ప్రత్యేక బిల్లు పెట్టించుకునే పాత పద్ధతిని తప్పించడానికి, 1946 నాటి చట్టం ఈ పనిని సైనిక శాఖలకు అప్పగించింది. సైన్యానికి చెందిన రికార్డుల దిద్దుబాటు బోర్డులో తీర్పు చెప్పేవారు పౌర ఉద్యోగులే. డీడీ-149 అనే ఫారం నింపి పంపాలి. తప్పు తెలిసిన మూడేళ్లలోపు అడగాలన్నది నియమం. న్యాయం కోసం అవసరమనిపిస్తే ఆ గడువును బోర్డు పక్కన పెట్టవచ్చు. దరఖాస్తుల్లో 90 శాతం 10 నెలల్లోను, ఏదైనా సరే 18 నెలల్లోను తేల్చాలని చట్టం చెబుతుంది. అయితే దరఖాస్తుదారు ముందే గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. సైన్యం తన పని సక్రమంగానే చేసిందన్న భావనతోనే బోర్డు మొదలుపెడుతుంది. కాదని చూపించే భారం అడిగినవాడిదే. పైగా బోర్డు దర్యాప్తు సంస్థ కాదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగితే చాలదు, వడ్డించవలసినవన్నీ మనమే వండి తీసుకువెళ్లాలి.

బోర్డు పాత నిర్ణయాలు పేర్లు తీసేసి బహిరంగంగా ఉంచుతారు. నేను కొన్ని రాత్రులు కూర్చుని వాటిని చదివాను. ఒకదాని తరువాత ఒకటి చదువుతుంటే వాటి వరుస కంఠతా వచ్చేస్తుంది: 40వ గడిలో గాయం ప్రస్తావన లేదు, వియత్నాం క్షతగాత్రుల జాబితాలో పేరు లేదు, వైద్య పత్రాల్లో చికిత్స వివరం లేదు, సాధారణ ఉత్తర్వుల సూచీలో వెతికినా ఉత్తర్వు దొరకలేదు. మొదట్లో ఇది రాతి గుండెల వ్యవహారంగా తోచింది. చదివేకొద్దీ అంత తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. చేయని యుద్ధానికి పతకాలు తగిలించుకునేవాళ్లు లేకపోలేదు. అలాంటి మోసంతో లాభం పొందేవారిని శిక్షించడానికి 2013లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. కాబట్టి రుజువు అడగడాన్ని నేను తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా, కాగితాలతో ఏ సంబంధమూ లేని ఆ కందకంలోని కుర్రవాడినే యాభై ఏళ్ల తరువాత ఆ కాగితాలకు జవాబుదారీ చేయడం మీదే.

ఇందులో ఒక వింత కూడా ఉంది. వైకల్య భత్యం, వైద్యం చూసే మాజీ సైనికుల శాఖకు వర్తించే చట్టం ప్రకారం, పోరులో పాల్గొన్నట్టు తేలినవాడు తన గాయం గురించి చెప్పే మాట ఆ పరిస్థితులకు పొసిగేదైతే, అధికారిక రికార్డు లేకపోయినా దాన్ని ఒప్పుకోవాలి. పోరులో పాల్గొన్నాడనడానికి ఆ బ్యాడ్జి బలమైన ఆధారం. అంటే ఒక శాఖ ఆయన నోటిమాటతో గాయాన్ని నమ్మగలదు. అదే గాయానికి పతకం ఇవ్వాలంటే మరో శాఖకు ఆ రోజు రాసిన చీటీ కావాలి.

మొదటి దరఖాస్తుకు 11 నెలలకు జవాబు వచ్చింది. బ్యాడ్జి మంజూరైంది. మేము అడగనివి కూడా కలిశాయి: వియత్నాం సర్వీస్ మెడల్‌కు చేరవలసిన కాంస్య నక్షత్రాలు, వియత్నాం గాలంట్రీ క్రాస్ యూనిట్ పురస్కారం. ఈ రెండోది వియత్నాంలోని సైనిక యూనిట్లన్నిటికీ వర్తిస్తుందని 1974లో ఉత్తర్వు వచ్చింది. 1970లో టైపు కొట్టిన కాగితంలో అది ఉండే అవకాశమే లేదు. అప్పటికి ఇల్లు చేరిన చాలామంది కాగితాల్లో ఆ వరుస నేటికీ ఖాళీయే, ఇలాంటివాటికి మామూలుగా బోర్డు దాకా వెళ్లవలసిన పని కూడా లేదు. పర్పుల్ హార్ట్ మాత్రం నిరాకరించారు. కారణాలు నేను కంఠతా పట్టిన ఆ నాలుగే.

కొత్త ఆధారం ఉంటే మళ్లీ పరిశీలించమని అడగవచ్చు. అప్పుడే మేము ఆయన ఫైలును వదిలేసి, ఆయన బెటాలియన్ ఫైళ్ల కోసం వెతకడం మొదలుపెట్టాం. ఆగ్నేయాసియాలో పనిచేసిన అమెరికా దళాల పత్రాలు మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్ జాతీయ ఆర్కైవ్స్‌లో 472వ రికార్డు గ్రూపు కింద ఉన్నాయి. వాటిలో బెటాలియన్ దినచర్య పుస్తకం ఉంటుంది. రేడియోలో వచ్చిన ప్రతి కబురూ గంట, నిమిషంతో సహా రాసిన డీఏ ఫారం 1594 పుటలు. ఆయన చెప్పిన తేదీకి ముందూ వెనుకా వారం రోజులు చదివితే, ఆయన చెప్పినదానికి మరుసటి రాత్రి 9 గంటల 40 నిమిషాలకు ఒక పంక్తి కనిపించింది: కంపెనీ మకాం మీద మోర్టారు గుండ్లు పడ్డాయి, నలుగురికి గాయాలు. పేర్లు లేవు. తేదీ ఒక రోజు తప్పు చెప్పినందుకు ఆయన నాకు క్షమాపణ చెప్పారు.

ఆ తరువాత బెటాలియన్ పాత మిత్రుల్లో ఒకరు తన పర్పుల్ హార్ట్ ఉత్తర్వు నకలు పంపారు. ఒకే ఉత్తర్వులో చాలామంది పేర్లు వరుసగా టైపు చేయడం అప్పటి అలవాటు. అదే కంపెనీ, గాయపడిన తేదీ అదే, పేర్లు మూడు. దినచర్య పుస్తకం నలుగురంటోంది, ఉత్తర్వు ముగ్గురంటోంది. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి నేను ఏమీ మాట్లాడకుండా ఆయన వైపు చూశాను. ఆయన కళ్లజోడు తీసి, ఆ మూడు పేర్లనూ నెమ్మదిగా చదివి, వారిలో ఇద్దరు ఇప్పుడు లేరని చెప్పారు.

మూడోవాడే ఆ నకలు పంపిన మనిషి. ఆయన ప్రమాణపూర్వకంగా రాసిచ్చిన వాంగ్మూలంలో పొగడ్తలేవీ లేవు. తాను ఏ గోతిలో ఉన్నాడో, ఈయన ఎంత దూరంలో ఉన్నారో, ఏ చేతి నుంచి రక్తం కారిందో, తెల్లవారాక చికిత్సా కేంద్రంలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారనీ మాత్రమే ఉంది. అలా రాయమని నేనే బతిమాలాను. పాత నిర్ణయాలు చదివితే అర్థమయ్యేదేమిటంటే, ‘అతను గొప్ప సైనికుడు’ అనే ఉత్తరం పది పేజీలున్నా పనికిరాదు. కళ్లారా చూసింది రెండు వాక్యాల్లో ఉన్నా దానికి తూకం ఉంటుంది. ముంజేతి ఎక్స్‌రే, ఇది పాత లోహపు తునక అని డాక్టరు రాసిన నోటు కూడా జతచేశాం.

సాహస పతకాల సంగతి వేరు, వాటికి అప్పట్లోనే ఎవరో సిఫారసు రాసి ఉండాలి, గడువు దాటితే కాంగ్రెస్ సభ్యుడి ద్వారా పంపాలి. పారిస్ డేవిస్ అనే స్పెషల్ ఫోర్సెస్ అధికారికి 1965 నాటి పోరుకు మెడల్ ఆఫ్ ఆనర్ 2023లో దక్కింది; మధ్యలో ఆయన సిఫారసు కాగితాలే కనిపించకుండా పోయాయి. ఆ కథ చెప్పినప్పుడు మా పెద్దాయన నవ్వి, తనది అంత పెద్ద వ్యవహారం కాదన్నారు.

దిద్దుబాటును పాత డీడీ-214 మీద కొట్టివేసి రాయరు. డీడీ-215 అనే వేరే కాగితం ఇస్తారు, 24వ గడిలో చేర్చవలసినది ఇదీ అని. బ్యాడ్జి తాలూకు డీడీ-215 వచ్చిన రోజు ఆయన ఆ తెల్లటి కొత్త కాగితాన్ని టేపు వేసిన పాత కాగితం వెనుక ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టారు. రెండో దరఖాస్తు పోయిన మంగళవారం పంపాం. దినచర్య పుస్తకంలోని ఆ పంక్తి కింద నేను పెన్సిల్‌తో సన్నగా గీత గీయబోతే, అసలు కాగితం మీద ఏ గుర్తూ పెట్టవద్దని, అది నకలే అయినా సరే వద్దని, ఆయన నా చెయ్యి ఆపారు.