బయానా పుచ్చుకోకముందే చెప్పాలి

మద్యం సీసాలకు లేబుళ్లు అచ్చు వేయనని ఒక ప్రెస్ యజమాని అనుకోవచ్చు. జూదం యాప్‌కు కోడ్ రాయనని ఒక డెవలపర్ అనుకోవచ్చు. వ్యాపారంలో మనస్సాక్షికేం పని అనేవాళ్లతో నాకు పేచీయే. అయితే ఆ నియమం బుర్రలోనే ఉండిపోతే, బయానా తీసుకుని సగం పని అయ్యాక గుర్తొస్తుంది. అప్పుడు ఎదుటివాడికి కనిపించేది మీ నమ్మకం కాదు, మీరు మాట తప్పడం.

2014లో బెల్‌ఫాస్ట్‌లోని యాషర్స్ బేకరీలో జరిగింది ఇదే. స్వలింగ వివాహాన్ని సమర్థించే నినాదంతో కేకు కావాలని ఒకాయన అడిగాడు. కౌంటర్‌లో ఆర్డర్ రాసుకున్నారు, 36.50 పౌండ్లు కట్టించుకున్నారు. కొద్ది రోజులకు ఫోన్ చేసి, మా మతవిశ్వాసం ఒప్పుకోదని చెప్పి డబ్బు వెనక్కిచ్చారు. కింది కోర్టు 500 పౌండ్ల పరిహారం కట్టమంది. చివరికి 2018 అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు బేకరీ వైపే తీర్పు చెప్పింది. ఆ నినాదం ఎవరు రాయమన్నా వాళ్లు రాసేవారు కాదు, కాబట్టి కాదన్నది మనిషిని కాదు, మాటని అని కోర్టు తేల్చింది. గెలిచారు సరే, ఒక్క కేకు మీద నాలుగేళ్లకు పైగా పోయాయి.

ఆ తర్కం మన కౌంటర్ దగ్గరా పనికొస్తుంది. రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇదే పని ఇంకొకరు అడిగితే చేస్తానా? ఇదే మనిషి వేరే పని అడిగితే చేస్తానా? మొదటిదానికి ‘చేయను’, రెండోదానికి ‘చేస్తాను’ అని జవాబొస్తే మీరు కాదంటున్నది పనిని. జవాబులు తిరగబడితే మనిషిని కాదంటున్నారు, అక్కడ చాలా దేశాల్లో చట్టం అడ్డొస్తుంది. అమెరికాలో స్వలింగ జంటకు పెళ్లి కేకు చేయనన్న కొలరాడో రాష్ట్రపు దుకాణదారు 2018లో సుప్రీంకోర్టులో గెలిచాడని చాలామంది ఉదాహరిస్తారు. అక్కడ 7-2తో వచ్చిన తీర్పుకు ఆధారం వేరు: ఆయన మతవిశ్వాసాన్ని రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ తటస్థంగా చూడలేదని. ఎవరినైనా పొమ్మనే హక్కు దాంతో రాలేదు.

నియమాన్ని అర పేజీలో రాసిపెట్టుకోండి. అందులో పనుల పేర్లే ఉండాలి, మనుషుల పేర్లు, వర్గాల పేర్లు కాదు. వద్దనుకున్న వ్యాపారం నుంచి ఎంత శాతం ఆదాయం వచ్చేవాళ్లను కాదంటారో కూడా రాయాలి, చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ‘పొగాకు సొమ్ము ముట్టను’ అని ఊరుకుంటే సిగరెట్లు అమ్మే సూపర్‌మార్కెట్ పని కూడా వదులుకోవాలి. బొగ్గు నుంచి 30 శాతమో అంతకు మించో ఆదాయం వచ్చే కంపెనీలను పక్కన పెట్టాలని నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ 2016లో గీత గీసుకుంది. ఇస్లామిక్ ఫైనాన్స్‌లో షేర్లు ఎంచేటప్పుడు ఆ కంపెనీకి వడ్డీ, మద్యం లాంటి వాటి నుంచి వచ్చే నిషిద్ధ ఆదాయం 5 శాతం దాటకూడదనే కొలత బాగా వాడుకలో ఉంది. మీ అంకె ఏదైనా కావచ్చు, అంకె మాత్రం ఉండాలి.

కాదనడం కొటేషన్ ఇవ్వకముందే, ఒక్క రోజులో అయిపోవాలి. ‘ఈ రకం పనులు మేం తీసుకోం. ఫలానా వాళ్లు చేస్తారు, అడిగి చూడండి.’ అంతకు మించి ఉపన్యాసం వద్దు. ఖాళీ లేదని తప్పించుకుంటే వచ్చే నెల మళ్లీ వస్తారు. రేటు రెట్టింపు చెప్తే పారిపోతారనుకుంటాం, ‘సరే’ అన్నారంటే ఇరుక్కుపోయినట్టే.

పాత ఖాతాదారును వదిలేయడం వేరే కథ. ముందు రావలసిన బాకీ వసూలు చేసుకోండి, ఒప్పందంలో నోటీసు గడువు ఎంతుందో చూడండి, మిగిలిన బయానా తిరిగిచ్చేయండి, ఫైళ్లు అప్పగించండి. మీ ఆదాయంలో 40 శాతం ఆయన దగ్గర్నుంచే వస్తుంటే సగమైనా కొత్త పని కుదిరాకే నోటీసివ్వండి.

ఇదే నియమం కోసం సరుకు కొనే చోటు మార్చేటప్పుడు అందరూ రేటే పోల్చి చూస్తారు. నిజానికి దెబ్బ కొట్టేది అరువు గడువు. పాతాయన 45 రోజుల అరువిస్తున్నాడు, కొత్తాయన రొక్కం అడుగుతున్నాడనుకోండి. నెలకు 2 లక్షల సరుకు కొనేవాళ్లకు అదనంగా 3 లక్షల పెట్టుబడి కావాలి. అది చేతిలో లేకపోతే మొదట సరుకులో పావు వంతే కొత్తాయన దగ్గర తీసుకోండి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే తయారీదారు పేరూ చదవండి. బ్రాండు మార్చామనుకుంటాం, డబ్బు అదే కంపెనీకి పోతుంటుంది.

భాగస్వాములుంటే ఆ అర పేజీ మీద అందరి సంతకాలూ ఉండాలి. మినహాయింపు ఇచ్చిన ప్రతిసారీ తేదీ, కారణం దాని కిందే రాయండి. ఒకే నియమానికి ఏడాదిలో మూడు మినహాయింపులు పడ్డాయంటే, దాన్ని కొట్టేసి మీరు నిజంగా పాటిస్తున్నదేదో అది రాసుకోండి.