బెంగళూరు బీరుకు చిత్తూరు నాలుక

నలుగురితో పబ్‌కి వెళ్తే టేబుల్ మీదికి ఒకే రకం బీరు పిచ్చర్లలో వస్తుంది, రుచి సంగతి కబుర్లలో కొట్టుకుపోతుంది. ఒక్కరే కూర్చుంటే నాలుగు రకాలు, మీకు నచ్చిన వరుసలో, నచ్చినంత నిదానంగా చూడొచ్చు. క్రాఫ్ట్ బీరు, అంటే పెద్ద కంపెనీలది కాకుండా చిన్న ఎత్తున తయారయ్యే బీరు, మొదటిసారి తాగేవాళ్లు ఒంటరిగా వెళ్లడమే మేలని నా గట్టి నమ్మకం.

చిత్తూరు నుంచి బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు, తిరుపతి నుంచి 250. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వెళ్లే బస్సు కె.ఆర్.పురం వైపు నుంచి ఊళ్లోకి వస్తుంది. ఊరి నడుమ ఉన్న మెజెస్టిక్ బస్టాండు దాకా ట్రాఫిక్‌లో నలగక్కర్లేదు. కె.ఆర్.పురంలో దిగి మెట్రో పర్పుల్ లైను ఎక్కితే ఇందిరానగర్, ట్రినిటీ, ఎంజీ రోడ్డు స్టేషన్లు వస్తాయి. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో టాయిట్ అనే పబ్ 2010 నుంచి, మాగ్రాత్ రోడ్డులో ఆర్బర్ అనే పబ్ 2012 నుంచి తమ బీరు తామే తయారు చేసుకుంటున్నాయి. 21 ఏళ్లు నిండినట్టు చూపే గుర్తింపు కార్డు జేబులో ఉండాలి.

మాల్ట్ అనే మాట మనకు కొత్త కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తాక ఆరబెట్టి, వేయించి పొడి చేస్తే రాగి మాల్ట్. బీరుకు అదే పని బార్లీతో చేస్తారు. మొలకలో పుట్టే ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి, ఆ చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాలు, గ్యాసు వదులుతుంది. గింజను ఎంత వేయించారన్నదాన్ని బట్టే రంగు. కొద్దిగా వేయిస్తే ఎండుగడ్డి రంగు, మాడేదాకా వేయిస్తే స్టౌట్ అనే ముదురు బీరు నలుపు. చేదు మాత్రం హాప్స్ అనే తీగ పూలది.

మొదట ఫుల్ గ్లాసు చెప్పొద్దు. చాలాచోట్ల శాంప్లర్ పేరుతో 100 మిల్లీలీటర్ల చిన్న గ్లాసులు నాలుగైదు ఒకే ట్రేలో ఇస్తారు. తేలికపాటి దానితో మొదలుపెట్టి చేదు, నలుపు చివరికి ఉంచుకోవాలి. హాప్స్ ఎక్కువ పడే ఐపీఏ అనే చేదు బీరు ముందు తాగితే ఆ చేదు నాలుకను కప్పేస్తుంది, తర్వాత గోధుమ బీరు నీళ్లలా అనిపిస్తుంది.

గోధుమ బీరులో, అంటే హెఫెవైజెన్‌లో, మగ్గిన అరటిపండు, లవంగం వాసనలు వెతకండి. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు, రెండూ ఈస్ట్ పుట్టించినవే. బెల్జియన్ విట్ అనే మరో గోధుమ బీరులో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. దంచిన ధనియాల వాసన తెలిసిన ఇంట్లో పెరిగినవాళ్లు మొదటి గుక్కలోనే పట్టేస్తారు. రెడ్ ఏల్‌లో బెల్లం పాకం ముదిరేటప్పటి వాసన ఉంటుంది. సిట్రా, మొజాయిక్ లాంటి హాప్స్ వేసిన ఐపీఏ వాసన చూస్తే మామిడికాయల మండీలోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది, ఆ పోలిక చిత్తూరు జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. స్టౌట్‌లో ఫిల్టరు కాఫీ, చివర్న కాస్త మాడు. మెనూలో రాసిన ఇంగ్లీషు వర్ణనల కోసం తడుముకోకుండా ఇలా ఇంటి వాసనలతో పోల్చుకుంటే ఏ బీరు ఏదో బాగా గుర్తుంటుంది.

మన దగ్గర బీరంటే మొదట అడిగేది "కూలింగ్ ఉందా?" అని. ఇక్కడ ఆ అలవాటు వదలాలి. మరీ చల్లటి బీరు నాలుకను మొద్దుబారుస్తుంది, వాసన పైకి లేవదు. గోధుమ బీరుకు 4 నుంచి 7 డిగ్రీలు సరిపోతుంది. ఐపీఏ, స్టౌట్ 8 నుంచి 12 డిగ్రీల మధ్య విచ్చుకుంటాయి. ట్రే రాగానే వాటిని పక్కన పెట్టి, వాటి వంతు వచ్చేదాకా వదిలేయండి. మంచు పట్టిన గ్లాసులో పోయబోతే మామూలు గ్లాసు అడగండి. గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుని ఉంటే అది సరిగ్గా కడగని గ్లాసు.

బీరు చెడిందో లేదో కూడా ముక్కే చెప్తుంది. వెన్న వాసన గట్టిగా వస్తే ఈస్ట్ పని పూర్తికాకముందే తొందరపడి దించారన్నమాట. ఉడకబెట్టిన మొక్కజొన్న వాసన వస్తే కాచడంలో లోపం. పుల్లబీరు కాని దాంట్లో వెనిగర్ పులుపు తగిలితే చాలాసార్లు తప్పు ట్యాపు గొట్టాలది, శుభ్రం చేయక బ్యాక్టీరియా చేరి ఉంటుంది. మొహమాటపడకుండా వెనక్కి ఇవ్వండి, మంచి చోట మారుస్తారు.

తిండి దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: ఐపీఏ పక్కన ఆంధ్రా చిల్లీ చికెన్. హాప్స్ చేదు, ఆల్కహాలు రెండూ మిరపకాయ మంటను ఎగదోస్తాయి. కారం తినాలనిపిస్తే గోధుమ బీరుతో తినండి, ఆ తీపి మంటను సర్దుతుంది. ఐపీఏకు ఫ్రైస్, చేపల వేపుడు లాంటి నూనె సరుకు బాగుంటుంది. చేదు, గ్యాసు కలిసి జిడ్డును కోసేస్తాయి. స్టౌట్‌కు పొగబెట్టిన మాంసం, లేదంటే చాక్లెట్ కేకు. మసాలా పల్లీలు ఉప్పగా ఉండి దాహం పెంచుతాయి, తెలియకుండానే బీరు ఎక్కువ దిగుతుంది. పబ్ ప్లేటు ఇద్దరు ముగ్గురికి సరిపడా వస్తుంది కాబట్టి హాఫ్ ఉందేమో అడిగి, ఒకటి తిన్నాకే రెండోది చెప్పండి. ఖాళీ కడుపుతో మాత్రం కూర్చోవద్దు.

లెక్క చూసుకోండి. 100 మిల్లీలీటర్ల గ్లాసులు నాలుగు, సగటున 5.5 శాతం అనుకుంటే 17 గ్రాముల ఆల్కహాలు. మన 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసా 8 శాతమైతే ఒక్కదాంట్లోనే 41 గ్రాములు. కాలేయం గంటకు సుమారు 8 నుంచి 10 గ్రాములే ఖర్చు చేస్తుంది. అంటే ఒక ట్రేకి రెండు గంటలు, గ్లాసు గ్లాసుకూ మధ్య మంచినీళ్లు. ట్రే అయ్యాక నచ్చినది ఒక్కటి 330 మిల్లీలీటర్లు తాగి లేవడం సరైన కొలత. బండి నడిపే ఆలోచనే వద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు వారం మధ్యలో మధ్యాహ్నం మూడు నుంచి ఏడు మంచి సమయం. శని, ఆదివారాల రాత్రి కొన్నిచోట్ల ఒంటరి మగవాళ్లను రానివ్వరు, లేదా ప్రవేశ రుసుం అడుగుతారు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. టేబుల్ కన్నా బార్ కౌంటరు మేలు. ట్యాపులు ఎదురుగా ఉంటాయి, ఈ వారం కొత్తగా ఏం పోస్తున్నారో అడగొచ్చు, కొనేముందు ఒక గుక్క రుచి చూపిస్తారు. ఆడవాళ్లకైతే కౌంటరు భద్రత కూడా. బాత్రూముకు వెళ్లేటప్పుడు గ్లాసు వదిలి వెళ్లొద్దు, వదిలితే వచ్చాక అది తాగొద్దు. బిల్లులో సర్వీస్ ఛార్జి ఉంటే అది మీ ఇష్టం మీదే, తీసేయమనొచ్చు.

ఆ రాత్రే బస్సెక్కొద్దు. బీరు మూత్రం పెంచుతుంది, బస్సు మీకోసం ఆగదు. మెట్రో స్టేషను దగ్గర గది తీసుకుని పొద్దున్నే బయల్దేరండి. కర్ణాటక సీసాలు సంచిలో పెట్టుకుని సరిహద్దు దాటొద్దు, మన ఎక్సైజ్ వాళ్లకు దొరికితే కేసు. తిరుమల దర్శనం టికెట్ ఉంటే దాన్నీ దీన్నీ ఒకే ప్రయాణంలో కలపకండి. కొండ మీద మద్యం నిషేధం, అలిపిరిలో సామాను తనిఖీ చేస్తారు. ముందు దర్శనం చేసుకుని ఇంటికి వచ్చేయండి, బెంగళూరు ఇంకో వారం పెట్టుకోండి.