ఎండలో వచ్చి కట్ట బాగుందని రాసిపోయారు – నా అనుభవం

మా ఇళ్లకు ఎగువన చిన్న మట్టి కట్ట ఒకటుంది. వరద నీటిని కాసేపు పట్టి ఉంచి, అడుగున ఉన్న పైపు గుండా మెల్లగా వదలడమే దాని పని. ఏడాదిలో ఎక్కువ రోజులు దాని వెనక చుక్క నీరుండదు. దానికి సరైన తనిఖీ, మరమ్మతు చేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పని మొన్ననే ముగిసింది, మంట మాత్రం ఇంకా చల్లారలేదు.

అర్జీ పెట్టడం తేలికే. ఆ కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో కనుక్కోవడానికి కొంచెం తిరగాల్సొచ్చింది, అదీ అయింది. తనిఖీకి మనుషులు కూడా వచ్చారు. అసలు కథ అక్కడ మొదలైంది.

వాళ్లొచ్చింది మండే ఎండలో. కట్ట మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. పైన నెర్రెలు విచ్చి ఉంటే "పైపైవే" అన్నారు. నేను వాళ్లను కిందికి, పైపు బయటికొచ్చే చోటికి తీసుకెళ్లి, "నీళ్లు నిలిచినప్పుడు ఇక్కడ పైపు పక్క నుంచి బురద నీళ్లొస్తాయి సార్" అన్నాను. పెద్దాయన బూటుతో నేలను ఒక్క తన్ను తన్నారు. దుమ్ము లేచింది. "ఏవండీ నీళ్లు?" అన్నారు. అందరూ నవ్వారు, నాతో వచ్చిన మావాళ్లు కూడా. "మట్టి కట్టన్నాక ఊట రాదా? యూట్యూబ్ చూసొచ్చి మాకు పాఠాలు చెప్తారేంటి?" అని జీపెక్కి వెళ్లిపోయారు. తర్వాత రిపోర్టు కాపీ తెచ్చుకుని చూస్తే, "ఊట: కనిపించలేదు. పరిస్థితి: సంతృప్తికరం" అని ఉంది. అబద్ధమనడానికి లేదు. నీళ్లే లేనప్పుడు ఊట ఎక్కడ కనిపిస్తుంది? జ్వరం దిగాక వచ్చి ఒళ్లు పట్టుకుని చూసి, చల్లగానే ఉందిగా అన్నట్టుంది.

ఆయనన్న మాటలో సగం నిజమే. ప్రతి మట్టి కట్టలోనూ ఎంతో కొంత ఊట ఉంటుంది. వచ్చే నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా అన్నదే చూడాలి. బురదగా వస్తున్నాయంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. దిగువ అంచున మొదలైన సన్నని బొరియ వెనక్కి వెనక్కి తొలుచుకుంటూ నీళ్లున్న వైపుకు చేరిందంటే ఇక గండే. అమెరికాలో టీటన్ డ్యామ్ అలాగే పోయింది. 1976 జూన్ 5న పొద్దున్నే బురద ఊట కనిపించింది, మధ్యాహ్నం 12 కాకముందే కట్ట తెగింది. 11 మంది చనిపోయారు. అది తొలిసారి నిండుతున్న డ్యామ్. ఎప్పుడూ ఎండి ఉండే మా కట్టకైతే పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ తొలిసారి నిండినట్టే. ఎండకు పగిలిన మట్టి మీదికి ఒక్కసారిగా నీళ్లొచ్చి పడతాయి. ఇలాంటి కట్టను పొడిగా ఉన్నప్పుడు మాత్రమే చూసి సంతకం పెట్టేవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

నవ్వించుకున్న కసి నాకు బాగా పనికొచ్చింది. వానలు పడగానే గొడుగు, బకెట్, మూతున్న గాజు సీసా పట్టుకుని వెళ్లాను. కట్ట వెనక గేజి మీద నీటిమట్టం ఎంతుందో రాసుకోవడం, కింద ఊట దగ్గర బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతోందో ఫోన్‌లో చూసి రాసుకోవడం. మట్టం పెరిగేకొద్దీ బకెట్ త్వరగా నిండింది. సీసాలో పట్టిన నీళ్లను రాత్రంతా కదపకుండా ఉంచాను. పొద్దున చూస్తే పైన తేట, అడుగున గోరు మందాన మెత్తటి ఎర్రమన్ను. వాగులో వచ్చే ఒండ్రు బూడిద రంగు. కట్టకు పోసింది ఎర్రమట్టి.

ఈలోగా మాలో ఒకాయన బంకమన్ను బస్తాలు తెచ్చి ఊటను మూసేస్తానని బయల్దేరాడు. బతిమాలి ఆపాను. నీళ్లు బయటికొచ్చే దారి మూస్తే ఒత్తిడి లోపల పెరిగి ఇంకోచోట పొడుచుకొస్తుంది. నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపాలి. అందుకు ముందు ఇసుక, దానిమీద సన్న కంకర, ఆపైన పెద్ద కంకర వేయాలి. టీటన్‌లో బుంగ పూడ్చడానికి పంపిన రెండు బుల్డోజర్లు కూడా అందులోకే కూరుకుపోయాయి.

పట్టిక, తేదీలున్న ఫొటోలు, సీసా మూడూ తీసుకుని ఈసారి పైఆఫీసుకు వెళ్లాను. అక్కడున్న ఇంజినీరు గారు సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "ఈ పట్టిక ఎవరు రాశారు?" అనడిగారు. నేనే అన్నాను. ఆ పట్టిక ఇప్పుడు వాళ్ల ఫైల్లో ఉంది, గొప్పగానే చెప్పుకుంటాను.

ఆవిడ నీళ్లు నిలిచి ఉండగానే వచ్చారు. తర్వాతవి చకచకా జరిగాయి. పైపులోకి కెమెరా పంపితే అడుగు తుప్పుపట్టి తూట్లు పడి కనిపించింది. పాత పైపులోకి కొత్త ప్లాస్టిక్ పైపు దూర్చి, మధ్య సందులో సిమెంటు పాలు నింపారు. దిగువ చివర పైపు చుట్టూ ఇసుక ఫిల్టర్ పెట్టి, ఊట విడిగా బయటికొచ్చేలా కాలువ తీశారు. నీడ కోసమని ఎవరో పుణ్యాత్ములు కట్ట మీద పెంచిన చెట్లను వేళ్లతో సహా పెకిలించి, గుంతల్లో మట్టి పోసి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టారు. చెట్టును పైపైన నరికి వదిలేస్తే వేరు కుళ్లి నీళ్లకు దారి అవుతుంది.

మీ దగ్గరా ఇలాంటి కట్ట ఉంటే ఫిర్యాదు ఫోన్‌లో చెప్పకండి, రాసివ్వండి. ఫొటోలో గేజి కనపడాలి. ఊట ఉన్నట్టుండి బురదగా మారినా, ఎక్కువైనా ఫొటోలు తీస్తూ నిలబడొద్దు. దిగువన ఉన్నవాళ్లను లేపండి, అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

మరమ్మతు తర్వాత ఒక పెద్ద వాన పడింది. ఇప్పుడు కాలువలో తేట నీళ్లే వస్తున్నాయి. ఇక మిగిలింది అలుగు. పశువులు దిగకుండా దానికి అడ్డంగా ఎవరో ముళ్లకంచె వేశారు, వరదొస్తే చెత్తంతా దానికే పట్టుకుంటుంది. అమెరికాలోనే జాన్స్‌టౌన్ అనే ఊరికి ఎగువన సౌత్ ఫోర్క్ డ్యామ్ అలుగుకు చేపలు పోకుండా జాలీలు పెట్టారు. 1889 వరదలో వాటికి చెత్త అడ్డుపడింది, నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి, 2,209 మంది పోయారు. ఇదంతా రాసి ఇంకో అర్జీ ఇచ్చాను. అది మళ్లీ ఆ బూటాయన బల్ల మీదికే వెళ్లిందట.