బేరంలో ఎవరు ఎంతకాలం ఆగగలరు?

బేకరీ కార్మికుల చేత రోజుకు 10 గంటలకు, వారానికి 60 గంటలకు మించి పని చేయించకూడదని న్యూయార్క్ రాష్ట్రం చేసిన చట్టాన్ని 1905లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ చట్టం కింద 50 డాలర్ల జరిమానా పడిన జోసెఫ్ లోక్నర్ అనే బేకరీ యజమాని వేసిన అప్పీలు అది. ఎన్ని గంటలు పనిచేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ యజమానికీ కార్మికుడికీ కూడా ఉందని, ఇద్దరూ ఇష్టపడి కుదుర్చుకున్న ఒప్పందంలో ప్రభుత్వం తలదూర్చడం తగదని తొమ్మిది మంది న్యాయమూర్తులలో ఐదుగురు తేల్చారు. కార్మికుల హక్కుల గురించి ఈనాడు జరిగే చర్చల్లోనూ ఈ వాదన రకరకాల వేషాల్లో వినిపిస్తూనే ఉంటుంది: నచ్చకపోతే మానేయవచ్చు కదా, ఎవరు బలవంతపెట్టారు?

యజమాని బలవంతపెట్టకపోవచ్చు, ఇంటి అద్దె బలవంతపెడుతుంది. మార్కెట్ స్వేచ్ఛను సమర్థించేవారు తరచూ పేరెత్తే ఆడమ్ స్మిత్ ఈ సంగతిని 1776లోనే దాపరికం లేకుండా రాశాడు. తగాదా వచ్చినప్పుడు యజమాని ఒక్క పనివాణ్ణీ పెట్టుకోకుండా, కూడబెట్టినదానితో ఏడాదో రెండేళ్లో గడపగలడనీ, కార్మికులలో చాలామంది పని లేకుండా వారం రోజులు కూడా నెట్టుకురాలేరనీ ఆయన లెక్కగట్టాడు. యజమానులు కూడబలుక్కుంటే అడ్డుచెప్పని చట్టం కార్మికులు జట్టుకడితే శిక్షిస్తుందని కూడా ఆయన గమనించాడు. ఆ తర్వాత బ్రిటన్ 1799లోనూ 1800లోనూ చేసిన చట్టాలు కార్మిక సంఘాలను నేరంగానే చూశాయి. 1824 దాకా అవి రద్దు కాలేదు. ఒప్పందం మీద సంతకాలు రెండు ఉన్నంత మాత్రాన బలాలు సమానమైపోవు కాబట్టి, బేరం తెగనప్పుడు ఎవరు ఎంతకాలం ఆగగలరో ముందు చూడాలన్నది నా అభిప్రాయం.

ప్రభుత్వ జోక్యం వద్దనే యజమానులు తమకు మేలు చేస్తున్న జోక్యాన్ని సాధారణంగా ప్రస్తావించరు. కంపెనీ దివాలా తీస్తే వాటాదారు పెట్టిన సొమ్ము పోతుందే తప్ప అప్పులవాళ్లు అతని ఇంటి మీదికి రాలేరు. ఈ పరిమిత బాధ్యత పుట్టుకతో వచ్చిన హక్కేమీ కాదు, బ్రిటన్‌లో 1855లో పార్లమెంటు చట్టం చేసి ఇచ్చిన రక్షణ. సరుకు ఇచ్చి డబ్బు రాని వ్యాపారీ, జీతం బకాయి పడిన కార్మికుడూ ఆ నష్టంలో కొంత మోయవలసి వస్తుంది. అయినా అది మంచి ఏర్పాటే, ఎందుకంటే అది లేకపోతే కొత్త పరిశ్రమలో సొమ్ము పెట్టే ధైర్యం కొద్దిమందికే ఉంటుంది. వాటాదారుడి ఇంటిని కాపాడే చట్టం సబబే అయినప్పుడు కార్మికుడి ఒంటిని కాపాడే చట్టం మాత్రం స్వేచ్ఛకు భంగమని ఎలా అంటారో నాకు అంతుబట్టదు.

యజమాని పక్షాన ఉన్న న్యాయాన్నీ తక్కువ చేయకూడదు. పెద్ద కంపెనీలను దృష్టిలో పెట్టుకొని రాసిన నిబంధనలు పదిమందితో నడిచే యూనిట్ మీద పడితే, ఆ రిజిస్టర్లు రాయడం, రిటర్నులు దాఖలు చేయడం, తనిఖీలకు సమాధానం చెప్పుకోవడం అన్నీ యజమాని ఒక్కడే రాత్రి పూట కూర్చుని చేసుకోవాలి. ఏం తయారుచేయాలి, ఎంతకు అమ్మాలి, ఎవరిని తీసుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్న నిర్ణయాలు అతని చేతిలోనే ఉండాలి. తీసేయడం దాదాపు అసాధ్యమైన చోట కొత్తవాళ్లను తీసుకోవడానికి వెనకాడతారు, ఆ భారం ఇంకా ఉద్యోగం దొరకని వాళ్ల మీద పడుతుంది. డెన్మార్క్ ఇక్కడ తెలివైన దారి పట్టింది: అక్కడ ఉద్యోగులను తొలగించడం యజమానికి తేలిక, కానీ ఉద్యోగం పోయినవాళ్లకు నిరుద్యోగ భృతి, కొత్త పనికి శిక్షణ అందుతాయి. ఆగగలిగే శక్తిని కార్మికుడికి సమాజమే సమకూర్చి, యజమానికి తన వ్యాపారాన్ని తాను నడుపుకునే వీలు మిగిల్చింది.

బేరానికి అసలు తావే లేని విషయాలు వేరే ఉన్నాయి. బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గరి రాణా ప్లాజా భవనంలో 2013 ఏప్రిల్ 23న పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లోని దుస్తుల ఫ్యాక్టరీల కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు, రాకపోతే జీతం దక్కదన్న భయంతో వాళ్లు వెళ్లారు. ఆ ఉదయమే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. పగుళ్లు కళ్లారా చూసి కూడా మెట్లెక్కినవాళ్లను ఇష్టపడి వెళ్లారని అనగలిగే ఒప్పంద స్వేచ్ఛ నాకు అక్కరలేదు. ఆ దుర్ఘటన తర్వాత అంతర్జాతీయ దుస్తుల బ్రాండ్లు కార్మిక సంఘాలతో ఫ్యాక్టరీల భద్రతపై చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి.

వేతనాల సంగతి ఇంత స్పష్టంగా ఉండదు. కనీస వేతనం అతిగా పెంచితే చిన్న యూనిట్లు మూతపడవచ్చు, అసలే లేకపోతే మర్యాదగా జీతాలిచ్చే యజమాని అలా ఇవ్వనివాడి ధరల ముందు నిలవలేడు. 1937లో ఎల్సీ ప్యారిష్ అనే హోటల్ పనిమనిషి బకాయి వేతనం కోసం వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు తన పాత ధోరణిని వదిలి కనీస వేతన చట్టాన్ని సమర్థించింది. బతకడానికి చాలని జీతమిస్తే, ఆ లోటును పన్నులు కట్టేవాళ్లు పూడ్చాలి కాబట్టి, అది అలాంటి యజమానికి సమాజం ఇచ్చే సబ్సిడీ అవుతుందని ఆ తీర్పు చెప్పింది. తీర్పు మళ్లీ 5–4 తేడాతోనే వచ్చిందనుకోండి.

ఇప్పుడు వాదన మరో మెట్టు ఎక్కింది. యాప్ ద్వారా పనిచేసే డ్రైవరు కార్మికుడే కాదని, తన వ్యాపారానికి తానే యజమాని అని కంపెనీలు అంటున్నాయి. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ కేసులో ఈ మాటను పరీక్షకు పెట్టింది. చార్జీ నిర్ణయించేది కంపెనీ, షరతులు రాసేది కంపెనీ, ఎక్కువ ట్రిప్పులు కాదంటే యాప్ నుంచి కొంతసేపు బయటికి నెట్టేదీ కంపెనీయే. ధర కూడా తాను పెట్టుకోలేని మనిషి యజమాని ఎలా అవుతాడని చూసి, ఆ డ్రైవర్లకు కనీస వేతనం, జీతంతో కూడిన సెలవులు పొందే హక్కు ఉందని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.